ఫ్రిజ్ నడుస్తోంది సరే, లోపల చల్లగా ఉందా?



వేసవి వచ్చిందంటే అమెరికాలోని పిల్లల వద్దకు ప్రయాణమయ్యే తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "పిల్లలు మమ్మల్ని ఆర్.వి.లో నాలుగైదు రోజులు అడవులు, కొండలు చూపించడానికి తీసుకువెళతామంటున్నారు. ఇన్సులిన్ ఎట్లా దాచుకోవాలి? తిండి పాడవకుండా ఎట్లా?" ఆర్.వి. అంటే పడకలు, వంటగట్టు, మరుగుదొడ్డి, ఫ్రిజ్ అన్నీ అమర్చిన ఇంటి బండి. కరెంటు కనెక్షన్ ఇచ్చే విడిదిలో దానిని ఆపితే ఇబ్బంది లేదు. కాని అక్కడి జాతీయ ఉద్యానవనాలలోను, ప్రభుత్వ అటవీ భూములలోను చాలా చోట్ల కరెంటు ఉండదు. అటువంటి చోట ఆ ఫ్రిజ్‌ను నడుపుకోవడం ఒక విద్య. బ్యాటరీ ఎంత పెద్దది ఉండాలి, సౌర ఫలకాలు ఎన్ని కావాలి, జనరేటరు ఎన్ని గంటలు తిప్పాలి అని పిల్లలు గంటల తరబడి చర్చించుకుంటారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. "ఫ్రిజ్ ఆగకుండా నడవాలంటే ఏమి చేయాలి?" అన్నది మొదటి ప్రశ్న కాదు. "చల్లగా ఉండి తీరవలసినవి ఏవి? అవి నిజంగా తగినంత చల్లగా ఉన్నాయని నాకెట్లా తెలుస్తుంది?" అన్నది మొదటి ప్రశ్న. యంత్రం నడవడం వేరు, చల్లదనం నిలవడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే మందులు పాడవుతున్నాయి, కడుపులు చెడుతున్నాయి. ఒక్కొక్కసారి ప్రాణాల మీదకు కూడా వస్తుంది.

నేను చేసిన పొరపాటు

ఈ సంగతి నేను పొరపాటు చేసి నేర్చుకున్నాను. కొన్నేళ్ళ క్రితం మే నెలలో మా అబ్బాయి కుటుంబంతో కలసి అద్దె ఆర్.వి.లో ఆరిజోనా రాష్ట్రంలోని గ్రాండ్ కాన్యన్ చూడడానికి వెళ్ళాము. దక్షిణపు అంచున ఉన్న మాథర్ విడిదిలో దిగాము. సముద్రమట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తు. అక్కడ బండ్లకు కరెంటు కనెక్షన్లు లేవు. పగలు ఎండ చురుక్కుమన్నా, మే నెలలో సైతం రాత్రి చలి వణికిస్తుంది. ఫ్రిజ్‌ను గ్యాస్ మీద పెట్టాము. తలుపు పైన పచ్చ దీపం వెలిగింది. అందరమూ నిశ్చింతగా ఉన్నాము.

నా శ్రీమతికి మధుమేహం ఉన్నది. వాడుకలో ఉన్న ఇన్సులిన్ పెన్ను ఆవిడ చేతిసంచిలో ఉంది. ఇంకా తెరవని నాలుగు పెన్నులను నేను స్వయంగా ఫ్రిజ్‌లో పెట్టాను. ఎంత చల్లగా ఉంటే అంత క్షేమం అన్న తొందరపాటుతో పై అరలో బాగా లోపలికి, వెనుక గోడకు ఉన్న లోహపు రెక్కలకు ఆనించి పెట్టాను. తెల్లవారి చూస్తే నాలుగు పెన్నులలోనూ మందు గడ్డకట్టి ఉంది. మా కోడలు ఆశ్చర్యపోయి, "మామయ్యగారూ, లైటు వెలుగుతూనే ఉంది కదా!" అన్నది. దీపం వెలుగుతూనే ఉంది. ఫ్రిజ్ చక్కగా పనిచేసింది. పాడైనది మందు.

గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగిన తరువాత చూడడానికి మామూలుగానే ఉండవచ్చు. కాని దాని శక్తిని నమ్మడానికి వీలులేదు, పారవేయవలసిందే. నాలుగింటినీ పారవేశాను. చేతిసంచిలోని పెన్ను మాకు మిగిలిన రోజులను గట్టెక్కించింది. అది కూడా ఫ్రిజ్‌లోనే ఉండి ఉంటే ఆ అడవిలో మా పరిస్థితి ఏమిటన్నది ఇప్పటికీ తలచుకుంటాను.

సిగ్గుపడవలసిన విషయం ఇంకొకటి ఉంది. నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పనిచేసిన రోజులలో, టీకాలు గడ్డకట్టకుండా చూడమని సిబ్బందికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అటువంటి నేనే ఒక చిన్న పచ్చ దీపాన్ని నమ్మి థర్మామీటరు పెట్టడం మరచిపోయాను.

నిప్పుతో చల్లబరిచే యంత్రం

ఆర్.వి.లలో చాలా కాలంగా ఉన్న ఫ్రిజ్ మన ఇళ్ళలోని ఫ్రిజ్ వంటిది కాదు. ఇంటి ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉంటుంది, అది మోటారుతో తిరుగుతుంది. ఆర్.వి. ఫ్రిజ్‌లో తిరిగేది ఏదీ ఉండదు. అది వేడితో పనిచేస్తుంది. 1922లో స్టాక్‌హోంలో విద్యార్థులుగా ఉన్న వాన్ ప్లాటెన్, మున్‌టెర్స్ అనే ఇద్దరు స్వీడన్ యువకులు రూపొందించిన పద్ధతి ఇది. నీటిలో కరిగిన అమ్మోనియాను చిన్న మంటతో గాని, విద్యుత్తు హీటరుతో గాని మరిగిస్తారు. అమ్మోనియా ఆవిరి పైకి పోయి, చల్లబడి ద్రవమవుతుంది. ఆ ద్రవం హైడ్రోజన్ వాయువు నిండిన గొట్టాలలోకి జారి మళ్ళీ ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు ఫ్రిజ్ లోపలి వేడిని లాగుకుంటుంది. ఆపైన నీరు ఆ అమ్మోనియాను మళ్ళీ పీల్చుకుంటుంది. చప్పుడు లేకుండా ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇది ఇంధనాన్ని పొదుపుగా వాడుతుంది. 9 కిలోల ప్రోపేన్ సిలిండరును ఫ్రిజ్ ఒక్కదానికే వాడితే పది రోజుల దాకా రావచ్చు. కనుక కరెంటు లేని చోట గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ చాలా ఉపయోగకరమైనదే. కాని దాని స్వభావం తెలియకపోతే నాలుగు రకాలుగా మోసపోతాము.

మొదటిది, బండి సమతలంగా నిలవాలి. గొట్టాలలో ద్రవాన్ని తోసే పంపు లేదు, అది తన బరువుతోనే కిందికి జారాలి. బండి ఒరిగితే ద్రవం ఒకచోట నిలిచిపోతుంది. మరిగే గొట్టంలో ద్రవం తక్కువై అతిగా వేడెక్కితే, తుప్పు పట్టకుండా కలిపిన రసాయనం గడ్డలు కట్టి దారి మూసుకుపోవచ్చు. ఆ నష్టం శాశ్వతం. బండి కదులుతున్నప్పుడు ఆ కుదుపులకే ద్రవం సర్దుకుంటుంది, ఆపినప్పుడే చిక్కు. మంచం మీద పడుకుంటే తలవైపుకు ఒరిగినట్లు అనిపిస్తే అది ఫ్రిజ్‌కు కూడా ఒరిగినట్లే. టైర్ల కింద చెక్కలు పెట్టి సరిచేయాలి.

రెండవది, ఎత్తు. సుమారు 5,500 అడుగులు దాటిన చోట గాలి పలుచనై గ్యాస్ మంట బలహీనపడవచ్చు, ఆరిపోనూ వచ్చు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు, ఎల్లోస్టోన్ ఉద్యానవనంలో అధిక భాగం ఆ ఎత్తుకు పైనే ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు చూసిన దీపం తెల్లవారుజామున ఆరి ఉండవచ్చు. అదే రాత్రి చలి ఎక్కువై, మంట ఆరకపోతే లోపల గడ్డకట్టనూ వచ్చు. మాకు జరిగింది ఈ రెండవది.

మూడవది, నిదానం. ఇది ఇంటి ఫ్రిజ్‌లాగా గబగబా చల్లబరచలేదు. ఖాళీ ఫ్రిజ్ చల్లబడటానికే రాత్రంతా పట్టవచ్చు. బయలుదేరడానికి ఒక రోజు ముందే ఇంటి దగ్గర కరెంటు మీద నడిపించి, ముందే చల్లబరిచిన పదార్థాలనే అందులో పెట్టాలి. వేడి వేడి పప్పు గిన్నెను అందులో పెడితే పప్పు చల్లబడదు, పక్కనున్న పాలు వెచ్చబడతాయి.

నాలుగవది, ఎండ. లోపలి నుండి లాగిన వేడి బండి పక్కనున్న జాలీ గుండా బయటికి పోవాలి. ఆ పక్క పడమటి ఎండ పడితే ఫ్రిజ్ సగం పని కూడా చేయలేదు. బండిని ఆపేటప్పుడే ఆ పక్క నీడ ఉండేటట్లు చూసుకోవాలి. లోపల కిక్కిరిసినట్లు సర్దకుండా గాలి ఆడటానికి చోటు వదలాలి.

బ్యాటరీ లెక్క

ఇటీవలి బండ్లలో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లు ఎక్కువగా వస్తున్నాయి. వీటికి కొద్దిపాటి ఒరుగుదలతో ఇబ్బంది లేదు, ఎత్తుతో ఇబ్బంది లేదు, త్వరగా చల్లబడతాయి. కాని గ్యాస్ మీద నడవవు. ప్రతి నిమిషమూ బ్యాటరీ మీదే ఆధారం.

సుమారు లెక్క వేసి చూద్దాం. ఇటువంటి ఫ్రిజ్ 50 వాట్లు తీసుకుంటూ రోజులో సగం సేపు నడిచిందనుకోండి. రోజుకు 600 వాట్-గంటలు కావాలి. 100 ఆంపియర్-గంటల లిథియం బ్యాటరీలో సుమారు 1,280 వాట్-గంటలు ఉంటాయి. అంటే దీపాలు, ఫోన్లు, ఫ్యాన్లు ఏవీ లేకపోతే రెండు రోజులు. పాతకాలపు సీసం-ఆమ్లం బ్యాటరీలో సగమే వాడుకోవడం మంచిది గనుక ఒక్క రోజు. 200 వాట్ల సౌర ఫలకం మీద మంచి ఎండ నాలుగైదు గంటలు పడితే, నష్టాలు పోగా, ఆ రోజు ఖర్చు ఇంచుమించుగా తిరిగి వస్తుంది. కాని చల్లగా ఉంటుందని బండిని చెట్టు నీడన ఆపుతాము. నీడ ఫ్రిజ్‌కు మేలు, సౌర ఫలకానికి కీడు.

ఇక అమ్మోనియా ఫ్రిజ్‌ను బ్యాటరీతో హీటరు మీద నడపాలనుకోవడం తెలియనితనమే. ఆ హీటరు 300 వాట్లకు పైగా తీసుకుంటుంది. పైన చెప్పిన లిథియం బ్యాటరీ నాలుగు గంటలలో ఖాళీ అవుతుంది. కొన్ని బండ్లలో మీట ఒకటి నొక్కితే ఫ్రిజ్ తనంతట తానే ఇంధనాన్ని ఎంచుకుంటుంది. అది దేనిని ఎంచుకుందో చూడడం మన పని. పైగా గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్‌కు కూడా నియంత్రణ పలక పనిచేయడానికి కొద్దిగా బ్యాటరీ కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే సిలిండరు నిండా గ్యాస్ ఉన్నా ఫ్రిజ్ ఆగిపోతుంది.

ఆరోగ్య కేంద్రం నేర్పిన పాఠం

ఈ చిక్కు మన దేశపు ఆరోగ్య శాఖకు కొత్త కాదు. పల్లెల్లో రోజులో సగం కరెంటు లేని కాలంలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో టీకాలను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య కాపాడుకున్నాము. అందుకు వాడే పెట్టెను ఐ.ఎల్.ఆర్. అంటారు. దాని గోడల వెంట మంచు గడ్డల పొర ఉంటుంది. రోజుకు ఎనిమిది గంటలు కరెంటు వస్తే చాలు, మిగిలిన సమయమంతా ఆ మంచే లోపలి చల్లదనాన్ని కాపాడుతుంది. అంటే అక్కడ యంత్రాన్ని 24 గంటలు నడపాలని ఎవరూ తాపత్రయపడలేదు. కరెంటు ఉన్నప్పుడు చల్లదనాన్ని కూడబెట్టుకొని, లేనప్పుడు ఖర్చు పెట్టుకున్నాము.

ఆర్.వి.లోనూ ఇదే పద్ధతి పనికివస్తుంది. ఒక కిలో మంచు కరిగేటప్పుడు 80 కిలో కేలరీల వేడిని మింగుతుంది. పది లీటర్ల నీటిని 8 డిగ్రీలు చల్లబరచడానికి ఆ ఒక్క కిలో చాలు. బయలుదేరే ముందు ఇంట్లో నాలుగైదు నీళ్ళ సీసాలను గడ్డకట్టించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, మంట ఆరినా బ్యాటరీ దిగినా కొన్ని గంటల వ్యవధి దొరుకుతుంది. తరువాత ఆ నీళ్ళు తాగవచ్చు కూడా. అమెరికాలో పెట్రోలు బంకులలో సైతం మంచు సంచులు అమ్ముతారు. వేల డాలర్ల బ్యాటరీ కంటే ముందు ఆలోచించవలసినది ఇది.

రెండవ పాఠం థర్మామీటరు. ఐ.ఎల్.ఆర్.లో థర్మామీటరు ఉంటుంది. ఉదయం, సాయంత్రం చూసి పుస్తకంలో వ్రాయాలి. ఆదివారమైనా పండుగైనా వ్రాయాలి. ఆ పుస్తకమే సాక్ష్యం, దీపం కాదు. ఆర్.వి. ఫ్రిజ్‌లో కూడా అంతే. కొద్ది డాలర్లకు దొరికే థర్మామీటరును మధ్య అరలో నీళ్ళ గ్లాసులో ఉంచండి. తలుపు తీసినప్పుడల్లా గాలి వేడెక్కి అంకె ఊగిసలాడకుండా ఆ నీరు కాపాడుతుంది. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూసి కాగితం మీద వ్రాయండి. ఆ పని మనవడికో మనవరాలికో అప్పగిస్తే మరింత శ్రద్ధగా చేస్తారు. మా మూడవ రోజున దారిలో కొన్న థర్మామీటరు 9 డిగ్రీలు చూపించింది. పచ్చ దీపం యథాప్రకారం వెలుగుతోంది. బండి ఒక పక్కకు ఒరిగి ఉందని అప్పుడు గమనించి సరిచేశాము.

మూడవ పాఠం, గడ్డకట్టడం గురించిన భయం. టీకాల డబ్బాలో మంచు పొట్లాలను ఫ్రీజర్ నుండి తీసిన వెంటనే పెట్టకూడదు. ఊపి చూస్తే లోపల నీటి చప్పుడు వినిపించేదాకా ఆగి, అప్పుడు పెట్టాలి. లేకపోతే డి.పి.టి., టి.టి., హెపటైటిస్-బి వంటి టీకాలు గడ్డకట్టి చెడిపోతాయి. ఇన్సులిన్‌ది కూడా అదే స్వభావం. వేడికి కొంతకాలం ఓర్చుకుంటుంది, గడ్డకడితే అసలు ఓర్చుకోదు.

చల్లగా ఉండి తీరవలసినవి

ఇన్సులిన్ విషయంలో నా సలహా ఇది. తెరవని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల మధ్య, లోహపు రెక్కలకు, మంచు సీసాలకు తగలకుండా, ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మధ్య అరలో ముందువైపు ఉంచండి. వాడుకలో ఉన్నదానికి ఫ్రిజ్ అవసరం లేదు. చాలా రకాలను 30 డిగ్రీలు మించని చోట నాలుగు వారాల దాకా వాడవచ్చు. రకాన్ని బట్టి గడువు మారుతుంది గనుక పెట్టెలోని కాగితం చదవండి, మీ వైద్యుని అడగండి. నాలుగు రోజుల ప్రయాణానికి కావలసిన ఇన్సులిన్‌ను ఫ్రిజ్ మీద ఆధారపడకుండా రెండు చోట్ల ఉంచుకోవడం ఉత్తమం. ఎండలో నిలిపిన కారు ముందు భాగంలో మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

ఆరిజోనా, యూటా వంటి పొడి ప్రాంతాలలో నీటితో తడిపి వాడే ఇన్సులిన్ సంచులు చక్కగా పనిచేస్తాయి. మన కూజాలో నీళ్ళు చల్లబడే సూత్రమే అది. తేమ ఎక్కువగా ఉండే ఫ్లోరిడా వంటి చోట్ల మన కోస్తా జిల్లాల ఉక్కపోతలో కూజా మాదిరే వాటి ప్రభావం తగ్గిపోతుంది.

ఇక ఆహారం. వండిన అన్నం, పప్పు, కూర, పాలు, మాంసం, గుడ్లు 4 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర గాని, అంతకు తక్కువలో గాని ఉండాలి. ఫారన్‌హీట్‌లో అది 40. అమెరికా థర్మామీటర్లలో ఆ అంకె కనిపిస్తుంది గనుక గుర్తుంచుకోండి. అంతకు మించిన వెచ్చదనంలో రెండు గంటలకు మించి ఉంచరాదు. బయట 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. కరెంటు పోయినా మూసిన ఇంటి ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లదనం నిలుపుతుందని చెబుతారు. ఆర్.వి. ఫ్రిజ్ చిన్నది, పిల్లలు తలుపు తీస్తూనే ఉంటారు గనుక అంత సేపు లెక్కలో వేసుకోకండి.

మన తెలుగువారు ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసినది అన్నం విషయంలో. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విత్తులు వండినా చావవు. వండిన అన్నాన్ని గోరువెచ్చగా గంటల తరబడి వదిలేస్తే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. "బాగా మరిగించి తింటాములే" అనే ధీమా ఇక్కడ పనికిరాదు. వాసన చూసి, రుచి చూసి తేల్చుకుంటామనడం కూడా పొరపాటే, విషం చేరిన అన్నం వాసనకు మామూలుగానే ఉండవచ్చు.

ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఏమిటో చెబుతాను. ఇటువంటి అన్నం తిన్న ఒక గంట నుండి ఆరు గంటలలోపు వాంతులు మొదలవుతాయి. ఆరోగ్యవంతుడైన యువకుడు ఒక పూట బాధపడి లేచి కూర్చుంటాడు. ఇన్సులిన్ తీసుకొని, భోజనం చేసి, ఆ భోజనాన్ని వాంతి చేసుకున్న డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి సంగతి వేరు. మందు శరీరంలో ఉంది, ఆహారం లేదు. రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, తడబాటు, స్పృహ తప్పడం. ఫోను సిగ్నల్ లేని లోయలో, వైద్యశాలకు గంటల దూరంలో ఇది జరిగితే? అందుకే ఫ్రిజ్‌లోని అన్నం గిన్నె కూడా నా దృష్టిలో ఆరోగ్య సమస్యే.

దీనికి పరిష్కారం ఇంకా పెద్ద ఫ్రిజ్ కాదు, తక్కువ సామాను. ఆర్.వి.లో గ్యాస్ పొయ్యి ఉంది. ఏ పూటకు ఆ పూట కొలిచి వండుకోండి. అటుకులు, మరమరాలు, వేరుసెనగలు, ఉప్మా రవ్వ, పప్పులు, పొడులు, గది ఉష్ణోగ్రతలో నిలవ ఉండే పాల పెట్టెలు తీసుకువెళ్ళండి. చింతపండు పులుపు గట్టిగా వేసిన పులిహోర మొదటి రోజు ప్రయాణానికి మన పెద్దలు ఊరికే ఎంచుకోలేదు, పులుపులో సూక్ష్మజీవులు అంత సులభంగా పెరగవు. అయినా దానిని ఆ రోజుకే పరిమితం చేయండి. ఊరగాయలు నిలవ ఉంటాయి, కాని రక్తపోటు ఉన్నవారు ఉప్పు సంగతి మరవరాదు. చల్లగా ఉండవలసినవాటి పట్టిక పది వస్తువులకు తగ్గితే, ఫ్రిజ్ ఆగినా ఒక మంచు పెట్టె చాలు. అయితే ఎలుగుబంట్లు తిరిగే ఎల్లోస్టోన్ వంటి చోట్ల ఆ పెట్టెను బండి బయట వదలకూడదు. అక్కడ అది నియమం కూడా.

చల్లదనం కోసం ఊపిరిని పణం పెట్టవద్దు

1920లలో బెర్లిన్‌లో ఫ్రిజ్ నుండి కారిన విషవాయువు వల్ల ఒక కుటుంబం నిద్రలోనే చనిపోయిందన్న వార్త చదివి ఐన్‌స్టీన్ చలించిపోయాడని చెబుతారు. ఆయన, లియో సిలార్డ్ కలసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్ ఒకటి రూపొందించారు. దానికి 1930లో అమెరికాలో పేటెంటు లభించింది. అది వంటింటి దాకా రాలేదు గాని, ఆ మహామేధావి ఆందోళన మాత్రం నేటికీ సరియైనదే.

నేటి ఆర్.వి.లో భయపడవలసిన వాయువు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. జనరేటరు పొగలో అది ఉంటుంది. సరిగా కాలని గ్యాస్ మంట వల్ల కూడా పుడుతుంది. ఫ్రిజ్ ఆగుతుందేమోనని రాత్రంతా జనరేటరు తిప్పి, కిటికీ పక్కనే పడుకోవడం నేను ఎన్నటికీ ఒప్పుకోలేని పని. విడిగా పెట్టే జనరేటరు కిటికీలకు, తలుపులకు కనీసం 20 అడుగుల దూరంలో, పొగ అవతలి వైపుకు పోయేటట్లు ఉండాలి. పక్క బండివారి కిటికీ కూడా కిటికీయే. చాలా విడుదులలో రాత్రి జనరేటరు నిషిద్ధం, అది నిద్ర కోసమే కాదు, ప్రాణం కోసం కూడా అనుకోండి.

బండి తీసుకున్న రోజే కార్బన్ మోనాక్సైడ్ అలారం మీట నొక్కి మోగుతుందో లేదో చూడండి. తెల్లవారి లేచేసరికి బండిలో ఒకరికంటే ఎక్కువ మందికి తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం ఉంటే రాత్రి తిన్న తిండి మీద నెపం వేయకండి. ముందు అందరూ బయటికి రండి, తరువాత సహాయం కోసం ఫోను చేయండి. ఘాటైన అమ్మోనియా వాసన వచ్చినా, ఫ్రిజ్ వెనుక పసుపు మరకలు కనిపించినా ఫ్రిజ్‌ను ఆపివేయండి, చేతితో తాకకండి. పెట్రోలు బంకులోకి వెళ్ళే ముందు ఫ్రిజ్ గ్యాస్ మంటను ఆర్పివేయండి. ఆ పది నిమిషాలలో లోపలి చల్లదనానికి ఏమీ కాదు.

రెండు అభ్యంతరాలు

పిల్లలు అంటారు, "నాన్నగారూ, పెద్ద లిథియం బ్యాటరీ, నాలుగు సౌర ఫలకాలు పెట్టిస్తే ఈ గొడవ ఏమీ ఉండదు." స్తోమత ఉంటే పెట్టించండి, మంచిదే. కాని ఎంత పెద్ద బ్యాటరీ అయినా తలుపు సరిగా పడకపోతే చెప్పదు. ఇన్సులిన్‌ను ఎవరో రెక్కలకు ఆనించారని చెప్పదు. ఏర్పాటు ఖరీదైనకొద్దీ మనిషి చూడడం మానేస్తాడు. మా ఆరోగ్య కేంద్రాలలో కొత్త పెట్టె వచ్చిన తొలి నెలలలోనే సిబ్బందిని ఎక్కువగా హెచ్చరించవలసి వచ్చేది.

నా వయస్సు వారు అంటారు, "మన చిన్నప్పుడు ఫ్రిజ్‌లు ఉన్నాయా? చద్దన్నం తిని పెరగలేదా?" పెరిగాము. కాని రాత్రి అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి పులియబెట్టిన చద్దన్నం వేరు, మూత పెట్టి మరచిపోయిన అన్నం వేరు. పైగా ఆనాడు మనకు పదేళ్ళ వయస్సు. నేడు మధుమేహం, మూత్రపిండాల బలహీనత, గుండె మందులు ఉన్నాయి. ఆనాటి కడుపును చూసి నేటి శరీరానికి ధైర్యం చెప్పుకోవద్దు.

ప్రయాణాలు మానుకోమని నేను చెప్పడం లేదు. గ్రాండ్ కాన్యన్ అంచున సూర్యాస్తమయం చూసినప్పుడు నా శ్రీమతి ముఖంలో కనిపించిన ఆనందం నాకు ఇప్పటికీ గుర్తుంది. మీరూ తప్పక వెళ్ళండి. సంచిలో ఒక థర్మామీటరు, ఒక కాగితం, ఒక పెన్సిలు పెట్టుకోండి. కావలసిన ఇన్సులిన్‌ను రెండు చోట్ల ఉంచుకోండి. సందేహం కలిగిన ఆహారాన్ని రుచి చూడకుండానే పారవేయండి. రాత్రి పడుకునే ముందు ఫ్రిజ్ దీపాన్ని కాదు, గ్లాసులోని అంకెను చూడండి.

శుభం.